దోసెడు చోళ్లు, ఒక చట్టం

పోయిన డిసెంబరులో ఇంటిల్లిపాదీ అరకు వెళ్లాం. వలిసె పూల దగ్గర ఫొటోలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్.. అందరూ చేసేవే మేమూ చేశాం. ఆ వివరాలతో మిమ్మల్ని విసిగించను. నేను చెప్పబోయేది వచ్చేటప్పుడు నా బ్యాగులో తెచ్చుకున్న ఓ దోసెడు చోళ్ల గురించి.

చోళ్లంటే రాగులు. మా ఉత్తరాంధ్రలో చోళ్లనే అంటాం. డుంబ్రిగుడ దాటాక, రోడ్డు నించి మైలు దూరం లోపలికి ఉన్న ఓ ఊళ్లో మా డ్రైవరుకి తెలిసిన వాళ్లుంటే అక్కడ ఆగాం. చోడి అంబలి ఇచ్చారు. చిన్నప్పుడు మా నాయనమ్మ కాచిన అంబలి తర్వాత మళ్లీ అంత రుచి నేనెరగను. ఆ ఇంటి పెద్దావిడ చూరుకి వేలాడుతున్న కంకులు చూపించింది. వేళ్లు ముడిచిన పిడికిలిలా ఉన్నాయి. అవి తన అత్తగారి నాటి విత్తనమట. వాన కాస్త ఆలస్యమైనా ఓర్చుకుంటుందట, గడ్డి పశువులు ఇష్టంగా తింటాయట.

ఓ దోసెడు విత్తనం ఇవ్వమని అడిగి, జేబులోంచి వంద నోటు తీశాను. ఆవిడ నవ్వేసింది.

"ఇత్తనానికి డబ్బులేటి బాబూ? అట్టుకెళ్లు. పండితే రెండు దోసిళ్లు తెచ్చియ్యి."

ఇంతవరకూ బాగానే ఉంది. హైదరాబాదు వచ్చాక అసలు కథ మొదలైంది.

మా పిన్ని కొడుకు ఒకడు ఓ విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. మొక్కల ప్రజననం వాడి చదువు, ఉద్యోగం కూడా అదే. భోజనానికొచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న చోళ్ల డబ్బా చూసి, కథంతా విని, "అన్నయ్యా, సగం నాకివ్వవా?" అన్నాడు. ఎందుకురా అంటే, వాన ఆలస్యానికి ఓర్చుకునే గుణం నిజమో కాదో చూస్తాడట. నిజమైతే వాళ్ల రకంతో సంకరం చేస్తాడట. పదేళ్లు పట్టొచ్చు, అసలేమీ రాకపోనూ వచ్చు.

"వచ్చిందనుకో, అప్పుడు?"

"అప్పుడేముంది, రిజిస్టర్ చేస్తాం. పదిహేనేళ్లు హక్కు మాది."

"మరి ఆవిడ?"

వాడు నిజాయితీపరుడు కాబట్టి కాసేపు ఆలోచించి, "చట్టంలో ఏదో ఉందన్నయ్యా, చూడాలి" అన్నాడు.

చూడాలన్నది వాడు, చూసింది నేను. మనకి ఎలాగూ రాత్రిళ్లు నిద్ర తక్కువ కదా :) చట్టం మొత్తం చదివాను. చదివాక నాకు తెలిసిందేంటంటే, ఆ చట్టం నేననుకున్నంత చెడ్డది కాదు. చాలా మంచిది. చిక్కల్లా వేరే చోట ఉంది.

ముందు కొంచెం నేపథ్యం. మన దేశంలో మొక్కల మీద, విత్తనాల మీద పేటెంటు ఇవ్వరు. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(జె) దానికి అడ్డు. కానీ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక, ట్రిప్స్ ఒప్పందం 27.3(బి) ప్రకారం కొత్త వంగడాలకి ఏదో ఒక రక్షణ ఇచ్చి తీరాలి: పేటెంటు, లేదా సొంతంగా తయారుచేసుకున్న ఒక పద్ధతి, లేదా రెండూ కలిపి. చాలా దేశాలు యుపోవ్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో చేరిపోయాయి. అది ప్రధానంగా వంగడాలు తయారుచేసేవాళ్ల కోసం పుట్టిన ఒప్పందం. మనం అందులో చేరలేదు. సొంతంగా ఒక చట్టం రాసుకున్నాం: మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001. పేరులోనే రైతుల హక్కులు అని ఉంది చూడండి, అది ఊరికే పెట్టింది కాదు.

2005లో ప్రాధికార సంస్థ ఏర్పడింది, 2007లో రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. కొత్త రకం అని ఒప్పుకోవాలంటే అది మిగతా వాటికన్నా విలక్షణంగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరం మారినా గుణం మారకూడదు. మన భాషలో చెప్పాలంటే ఇవి వంగడానికి పెట్టే టెస్ట్ కేసులు. పాసైతే పంటలకి 15 ఏళ్లు, చెట్లకీ తీగజాతులకీ 18 ఏళ్లు రక్షణ.

ఇక్కడ చాలామంది ఓ పొరపాటు పడతారు. "అరకు కాఫీకి జి.ఐ. వచ్చిందిగా, ఇంకేం రక్షణ కావాలి?" అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు కూడా. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే. కానీ అది కాపాడేది పేరుని. వేరే చోట పండిన కాఫీని అరకు కాఫీ అని అమ్మకూడదు, అంతే. విత్తనానికి దాంతో సంబంధం లేదు. చోళ్లు, సామలు, కొర్రలు, వలిసెలు.. కొండ మీద వాళ్లు తరతరాలుగా ఏరి దాచుకున్న వాటి సంగతి వేరే చట్టం చూడాలి. అది ఈ చట్టమే.

మరి అందులో పెద్దావిడ లాంటి వాళ్లకి ఏముంది? నాకు ముఖ్యమనిపించినవి నాలుగు:

1. సెక్షన్ 39: రైతు తన పంటనీ విత్తనాన్నీ దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రిజిస్టరయిన కంపెనీ రకమైనా సరే. బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. ఇంత స్పష్టంగా రాసుకున్న దేశాలు చాలా తక్కువ.

2. రైతులు తరతరాలుగా సాగుచేస్తున్న రకాలని కూడా "రైతు రకం"గా రిజిస్టర్ చేసుకోవచ్చు. మొక్కలన్నీ ఒకేలా ఉండాలన్న షరతు వీటికి సడలించారు. సెక్షన్ 44 ప్రకారం రైతులకీ గ్రామ సమాజాలకీ ఫీజులు లేవు, హైకోర్టు దాకా వెళ్లినా సరే.

3. సెక్షన్ 40: ఎవరైనా కొత్త రకాన్ని రిజిస్టర్ చేయించుకోవాలంటే, దాని తయారీలో గిరిజన లేదా గ్రామీణ కుటుంబాలు కాపాడిన విత్తనం వాడితే ఆ సంగతి దరఖాస్తులో చెప్పి తీరాలి. దాస్తే దరఖాస్తు తిరస్కరించొచ్చు. "గిరిజన" అన్న మాట చట్టంలోనే ఉంది!

4. సెక్షన్ 41: ఫలానా ఊరివాళ్ల కృషి ఈ రకంలో ఉంది అని ఎవరైనా, ఓ వ్యక్తి గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ, ప్రభుత్వ సంస్థ గానీ, ఆ ఊరి తరఫున దావా వేయొచ్చు. నిజమని తేలితే వచ్చే పరిహారం జాతీయ జన్యు నిధిలో జమవుతుంది.

ఇది చదివి నేను మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, అంతా ఉందిరా!" అన్నాను. వాడు చల్లగా ఒక్క ప్రశ్న వేశాడు. "ఆవిడ విత్తనం ఆవిడదేనని ఎక్కడ రాసుందన్నయ్యా?"

ఎక్కడా లేదు. అదీ అసలు సమస్య.

సెక్షన్ 40 ప్రకారం నిజం చెప్పాల్సింది దరఖాస్తుదారు. చెప్పకపోతే పట్టుకోవాల్సింది మనం. కొత్త రకం దరఖాస్తు పత్రికలో ప్రకటించాక అభ్యంతరం చెప్పడానికి మూడు నెలలు గడువు. డుంబ్రిగుడ లోపలి ఊళ్లో ఉన్న పెద్దావిడ మొక్కల రకాల జర్నల్ నెలనెలా చూసి, లక్షణాల పట్టికలో తన అత్తగారి చోళ్లని గుర్తుపట్టి, ఢిల్లీకి మూడు నెలల్లో అభ్యంతరం పంపాలి. హక్కు ఉంది. ఆ హక్కు దాకా దారి లేదు. మాన్యువల్లో ఉండి మెనూలో కనిపించని ఫీచరు లాంటిదన్నమాట.

ఇదంతా ఊహాజనితం అనుకునేవాళ్ల కోసం హెచ్ఎమ్‌టీ బియ్యం కథ చెప్తాను. మన తెలుగిళ్లల్లో హెచ్ఎమ్‌టీ సన్నబియ్యం తిననివాళ్లు తక్కువ. దాన్ని తయారుచేసింది ఎవరో తెలుసా? ఏ కంపెనీ కాదు, ఏ విశ్వవిద్యాలయం కాదు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా, నాందేడ్ అనే పల్లెటూళ్లో (ఆ పేరున్న పెద్ద పట్నం కాదు) దాదాజీ ఖోబ్రగడే అనే ఓ చిన్న దళిత రైతు. 1983లో తన పొలంలో తేడాగా కనిపించిన కొన్ని కంకులు ఏరి, విడిగా విత్తి, మళ్లీ ఏరి.. ఏళ్ల తరబడి చేశాడు. అప్పట్లో జనం మోజుపడ్డ చేతిగడియారం పేరే దానికి పెట్టారు. 1994లో అకోలాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన దగ్గర విత్తనం తీసుకెళ్లి, 1998లో పీకేవీ హెచ్ఎమ్‌టీ అన్న పేరుతో విడుదల చేసింది. మేం శుద్ధి చేశాం, మెరుగుపరిచాం అన్నది వాళ్ల మాట. కావచ్చు. కానీ ఆయనకి దక్కిందేంటి? 2005లో రాష్ట్రపతి కలాం గారి చేతుల మీదుగా ఓ అవార్డు, కొన్ని సన్మానాలు. 2018 జూన్‌లో పేదరికంలోనే పోయాడు. ఆయన విత్తనం ఇచ్చే నాటికి ఈ చట్టమే లేదు, ఆయన చేతిలో ఓ కాగితం ముక్కా లేదు.

ఇప్పుడు చట్టం ఉంది. కాగితం మాత్రం ఇప్పటికీ లేదు. మన పెద్దావిడకీ ఆయనకీ తేడా అంతే.

రైతులు పోరాడితే చట్టం పనిచేస్తుందా అంటే, చేస్తుంది. 2019లో గుజరాత్‌లో పెప్సికో కంపెనీ తన బంగాళాదుంప రకం (ఎఫ్ఎల్ 2027) పండించారని సబర్కాంఠా రైతులు నలుగురి మీద తలా కోటి రూపాయలకి పైగా దావా వేసింది. రైతు సంఘాలు సెక్షన్ 39 చూపించి దేశమంతా గొడవ చేసేసరికి నెల తిరక్కుండా కేసులు వెనక్కి తీసుకుంది. తర్వాత కవిత కురుగంటి గారు వేసిన పిటిషను మీద 2021 డిసెంబరులో ప్రాధికార సంస్థ ఆ రిజిస్ట్రేషన్‌నే రద్దు చేసింది. 2023లో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి సమర్థించారు, 2024 జనవరిలో డివిజన్ బెంచి ఆ రద్దుని కొట్టేసింది. అంటే ఒక్క దుంప గురించి అయిదేళ్లు! గుజరాత్ రైతుల వెనక సంఘాలున్నాయి, వకీళ్లున్నారు. కొండ మీద ఎవరున్నారు?

సరే, ఇప్పుడు అవతలి వాదన కూడా వినాలి కదా. మా తమ్ముడి వాదన ఇది. ఓ వంగడం తయారుచేయడానికి పదేళ్లు పడుతుంది, జీతాలు, భూములు, పరీక్షలు, అన్నీ ఖర్చే. హైబ్రిడ్ అయితే రైతు మళ్లీ కొనక తప్పదు, ఎందుకంటే దాచిన విత్తనం మరుసటి ఏడు అదే గుణంతో రాదు. చోళ్లు, సామలు అలాంటివి కావు. ఒకసారి ఇస్తే అంతే, ఊరంతా పాకిపోతుంది. రక్షణ లేకపోతే వీటి మీద ఏ కంపెనీ పరిశోధన చేస్తుంది? నిజమే. అందుకే చిరుధాన్యాల్లో మనకున్న మంచి రకాలు చాలావరకు ప్రభుత్వ పరిశోధనా స్థానాల నించి వచ్చినవే. చోళ్లలో చంపావతి, శ్రీచైతన్య మన విజయనగరం పరిశోధనా స్థానం పుణ్యమే. సాంబ మసూరి (బి.పి.టి. 5204) బాపట్ల పుణ్యం. ఇవి ఊరందరి సొత్తులా పాకాయి కాబట్టే ఇన్ని లక్షల ఎకరాల్లో పండాయి.

కాబట్టి మా తమ్ముడు చేసే పనికి నేను వ్యతిరేకం కాదు. వాడి కష్టానికి పదిహేనేళ్ల హక్కు ఇవ్వడం న్యాయమే. నేను అడిగేది ఒక్కటే. వాడి పదేళ్ల కష్టం వెనక ఆవిడ, ఆవిడ అత్తగారు, ఆవిడ అత్తగారి అత్తగారు ఏరిన వంద సంకురాత్రులున్నాయి. పది లెక్కలోకొచ్చి వంద ఎందుకు రాలేదు? లెక్క రాసేవాళ్లు పదికే ఉన్నారు కాబట్టి.

ఇంకో వాదన దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నించి వస్తుంది. "కొండ మీద విత్తనం ఎవరి ఆస్తీ కాదు. ఇటుకల పండక్కి విత్తనాలకి పూజ చేసి పంచుకునే జనం వాళ్లు. వాళ్లకి రిజిస్ట్రేషను, హక్కు అని నేర్పి చెడగొట్టకండి" అని. ఈ మాట నాకు చాలా రోజులు నచ్చింది. నేను ఓపెన్ సోర్స్ తిండి తిని పెరిగినవాణ్ణే. కానీ మా రంగంలో మేం నేర్చుకున్న పాఠం ఒకటుంది. పంచుకోవడం నిలబడాలంటే "ఇది ఫలానావాళ్లు రాసింది, దీన్నుంచి తయారుచేసింది కూడా పంచాలి" అని లైసెన్సులో రాసుకోవాలి. ఏమీ రాయకుండా వదిలేస్తే, తీసుకున్నవాడు కంచె వేసుకున్నా అడిగే హక్కుండదు. స్టాల్మన్ కాపీలెఫ్ట్ అన్నది అందుకే. విత్తనాల్లో కూడా ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రయత్నాలు అమెరికాలో జరిగాయి, మన హైదరాబాదులో సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్లూ చేశారు. పేరు రాసుకోవడం వేరు, కంచె వేయడం వేరు. పెద్దావిడ నన్ను డబ్బడగలేదు, కానీ "రెండు దోసిళ్లు తెచ్చియ్యి" అంది గమనించారా? అదే ఆవిడ లైసెన్సు!

అయితే రిజిస్ట్రేషనులో ఒక ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను. పది ఊళ్లలో ఉన్న విత్తనం ఒక్క రైతు పేరు మీదో, ఒక్క సంఘం పేరు మీదో ఎక్కితే, మిగతా తొమ్మిది ఊళ్లూ ఏం కావాలి? అందుకే ఒక్కడి పేరు మీద కాకుండా గ్రామ సమాజాల పేరు మీద నడవాలంటాను. అన్నిటికన్నా ముందు, హక్కు సంగతి తర్వాత చూసుకున్నా, నమోదు జరగాలి.

కొండకి అవతలి పక్క చూడండి. అరకు దాటి అవతలికి వెళితే కోరాపుట్. అవే కొండలు, దాదాపు అవే తెగలు. అక్కడి కమలా పూజారి అనే పోరజ తెగ మహిళ వందకి పైగా దేశవాళీ వరి రకాల్ని కాపాడిందని 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆవిడ చనిపోయారు. జేపూర్‌లో స్వామినాథన్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి విత్తనాల్ని పేరుపేరునా రాసింది. కోరాపుట్ వ్యవసాయానికి 2012లో ప్రపంచ వారసత్వ సాగు వ్యవస్థగా ఎఫ్.ఏ.ఓ. గుర్తింపు వచ్చింది. ఒడిశా రైతుల పేరు మీద వందల కొద్దీ వరి రకాలు ఈ చట్టం కింద నమోదయ్యాయి. అక్కడి ప్రభుత్వం కుంద్రా బాటి, లక్ష్మీపూర్ కాలియా లాంటి స్థానిక చోళ్ల రకాల్ని అసలు పేర్లతోనే అధికారికంగా విడుదల చేసింది. ఊరి పేరు రకం పేరులోనే ఉంది. ఇక మా తమ్ముడు లాంటివాడు వచ్చినా ఆ పేరు తప్పించుకు పోలేడు.

అక్కడ చేసింది ఇక్కడ చేయలేకపోవడానికి కారణం నాకు కనపడదు. చేయాల్సినవి ఇవీ అని నా అభిప్రాయం:

1. జీవవైవిధ్య చట్టం (2002) ప్రకారం ప్రతి పంచాయతీకీ ఓ జీవవైవిధ్య కమిటీ, ఓ రిజిస్టరు ఉండాలి. ఏజెన్సీ పంచాయతీల్లో దాన్ని కాగితం పూర్తి చేయడానికి కాకుండా, విత్తనం పేరు, గుణం, దాచినవాళ్ల పేరు ఉండేలా నింపాలి.

2. రైతు రకం దరఖాస్తు మీద ఆ కమిటీ అధ్యక్షుడో, జిల్లా వ్యవసాయాధికారో, విశ్వవిద్యాలయం పరిశోధనా సంచాలకుడో, జిల్లా గిరిజనాభివృద్ధి అధికారో ఎవరో ఒకరు ధ్రువీకరిస్తే చాలు. పాడేరులో ఐ.టి.డి.ఏ. ఉంది, చింతపల్లిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఏడాదికి పది రకాలు చొప్పున పెట్టుకున్నా పదేళ్లలో వంద.

3. జన్యు బ్యాంకుల్లో ఇప్పటికే ఉన్న వాటి మాటేంటి? పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనే అన్ని పంటలవీ కలిపి లక్షకి పైగా నమూనాలున్నాయి. ఏ నమూనా ఏ ఊరిదో ఉన్నంత మేరకు ఆ ఊరి పంచాయతీకి తెలుగులో చెప్పాలి. తమ విత్తనం అక్కడుందని తెలిస్తేనే కదా రేపు సెక్షన్ 41 కింద అడిగేది.

4. ఏజెన్సీ నించి చదువుకుని బయటికొచ్చిన కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ జర్నల్ చూసి అభ్యంతరం రాసే పని వాళ్లకి అప్పజెప్పొచ్చు. మాలాంటి వాళ్లం ఆ జర్నల్లో చోళ్లు, సామలు వచ్చినప్పుడు ఫోనుకి కబురు పంపే చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టొచ్చు. శని, ఆదివారాల పని.

ఇప్పుడే ఎందుకు తొందర అంటారా? 2023 చిరుధాన్యాల సంవత్సరం అయ్యాక పట్నాల్లో చోళ్లకి గిరాకీ పెరిగింది. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని గింజ వైపు కంపెనీలు ఇప్పుడు చూస్తున్నాయి. చూడనివ్వండి, మంచిదే. వాళ్లు వచ్చేసరికి మన పుస్తకం రాసి ఉండాలి, అంతే నేననేది. ఇంకో పక్క, కొండ మీద చోళ్లు వేసే పొలం తగ్గుతోందని ఆ పెద్దావిడే చెప్పింది. ఆవిడ కోడలికి కాఫీ, మిరియాలే మేలట. రేషను బియ్యం ఎలాగూ వస్తాయి. తప్పు పట్టలేం. కానీ విత్తనం విత్తడం మానేస్తే పోతుంది. పోయాక హక్కు దేని మీద?

ఇంతకీ ఆ డబ్బాలో సగం మా తమ్ముడికి ఇచ్చానా అని అడుగుతారు. ఇవ్వలేదు. అలాగని ఇవ్వనూ అనలేదు. "ముందు ఆవిణ్ణి అడుగుతాను, ఊళ్లో పెద్దల్నీ అడుగుతాను, మీ కంపెనీ రాష్ట్ర జీవవైవిధ్య మండలికి రాసిన కాగితం తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాను. వాడు నవ్వి, "నీ అంత పేచీకోరు దరఖాస్తుదారు ఇంకోడు ఉండడన్నయ్యా" అన్నాడు. కానీ కాగితం సంగతి మా బాసుని అడుగుతానన్నాడు. అడిగాడో లేదో ఇంకా చెప్పలేదు.

జూన్‌లో తొలకరి పడగానే ఎస్.కోటలో మా అమ్మ పెరట్లో సగం విత్తుతాను. పండితే రెండు దోసిళ్లు బాకీ తీర్చాలి కదా. ఈలోగా ఒక్క పని మాత్రం చేశాను. డబ్బా మీద కాగితం అంటించి ఆవిడ పేరు, ఊరి పేరు, తెచ్చిన తేదీ రాశాను. చిన్న పనే, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మన కొండల్లో ఉన్న వేల డబ్బాల మీద, బుట్టల మీద ఆ రెండు నిమిషాల పని చేయడానికి ఇరవై ఏళ్లకి పైగా మనకి చట్టం ఉంది, ఫీజు కూడా లేదు. మరి మనం దేనికోసం చూస్తున్నట్టు?

మీలో ఎవరైనా పాడేరు, అరకు, చింతపల్లి వైపు వాళ్లుంటే, లేదా ఈ దరఖాస్తులు నింపిన అనుభవం ఉన్నవాళ్లుంటే చెప్పండి. నేను తప్పు చదివిన సెక్షన్లుంటే అవి కూడా మొహమాటం లేకుండా చెప్పండి.